వార్డెన్ సంతకం ఎవరి అంగీకారం?

రామచంద్రపురం లాంటి ఊళ్ళలో సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో చదువుకున్న మాకు వార్డెన్ సంతకం విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. సెలవు చీటీ మీద అమ్మానాన్నల బదులు ఆ సంతకమే చెల్లేది. కూలి మానుకుని అమ్మ రానక్కర్లేదు కదా అని సంతోషించేవాళ్ళం. అదే సంతకం పిల్లల ఒంట్లోకి సూదిమందు ఎక్కించడానికీ చాలుతుందా? గోదావరికి ఎగువన, 1959 దాకా మన తూర్పు గోదావరి జిల్లాలోనే ఉన్న భద్రాచలం ఈ ప్రశ్నని మన ముందు పెట్టింది.

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా పథకం మొదలైంది. అమెరికా సంస్థ పాత్, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపాయి. 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు దాదాపు 14,000 మంది. వాళ్ళలో ఆదివాసీ పిల్లలు, హాస్టల్ పిల్లలు ఎందరో. నిరసనలు రేగాక 2010 ఏప్రిల్లో కేంద్రం ఆపించింది. విచారణలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద ఉన్నవి వార్డెన్ల సంతకాలు. 1,948 మీద వేలిముద్రలు. పిల్లల మరణాలకి టీకా కారణమై ఉండదని విచారణ సంఘం చెప్పింది. సరే. టీకా మంచిదే అయినా అంగీకారం ఎవరిదన్న ప్రశ్న అలాగే ఉంది.

వైద్యనీతి శాస్త్రం అంగీకారాన్ని ఎక్కువగా డాక్టరుకీ రోగికీ మధ్య మాటగా చూస్తుంది. సంస్థల గురించి ఆలోచించిన తత్వవేత్త జాన్ సెర్ల్ 1995లో ఇంకో సంగతి చెప్పాడు. కాగితం ముక్క దానంతటది డబ్బు కాదు. డబ్బేనని అందరం ఒప్పుకోబట్టే చెల్లుతుంది. వార్డెన్ సంతకమూ అంతే. అది తల్లి మాటగా చెల్లుతుందని ఎవరొప్పుకున్నారు? ప్రభుత్వం ఒప్పుకుంది, పథకం నడిపినవాళ్ళు ఒప్పుకున్నారు. తల్లినెవరూ అడగలేదు.

'మేం', 'మనం' రెండిటికీ ఇంగ్లీషులో ఒకటే మాట. తెలుగులో వేరువేరు. భద్రాచలంలో 'మేం ఒప్పుకున్నాం' అన్నది 'మనం ఒప్పుకున్నాం'గా చలామణీ అయింది. కులం నడిచేదీ ఇట్లాగే. అది నమ్మకం మీద నిలబడ్డ ఏర్పాటేనని, ఆ నమ్మకానికి అధికారమిచ్చినవి శాస్త్రాలని అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో చూపించారు. ఆ ఏర్పాటుకి కూడా కింద ఉన్నవాళ్ళని ఎవరూ అడగలేదు.

వార్డెన్లు చట్టరీత్యా సంరక్షకులు కారని 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ పథకాన్ని గట్టిగా తప్పుబట్టింది. హాస్టల్ మనకి చదువిచ్చింది. దాన్ని కాదనడం లేదు. వార్డెన్ సెలవు చీటీ మీద సంతకం పెట్టొచ్చు, పిల్ల ఒంటి మీద కాదు. తల్లిని పిలవాలి, ఆమెకి తెలిసిన భాషలో చెప్పాలి, పిల్లనీ అడగాలి. 'వద్దు' అన్న మాట చెల్లే ఏర్పాటు లేనిచోట 'సరే' అన్నది అంగీకారం కాదు.