నోస్ట్రో: మాదే, కానీ మా దగ్గర లేదు

విదేశీ మారకం చూసే డీలరుకు పొద్దున్నే కావలసిన లెక్క ఒకటే: నోస్ట్రోలో ఎంతుంది? ఇటాలియన్‌లో నోస్ట్రో అంటే మాది, వోస్ట్రో అంటే మీది. మధ్యయుగపు ఫ్లోరెన్స్ బ్యాంకర్లు పరదేశంలోని ప్రతినిధి దగ్గర, అక్కడి నాణెంలో ఉన్న తమ సొమ్మును ఈ పేరుతో పద్దు రాసుకునేవారు. ఇవాళ ముంబయి బ్యాంకు డాలర్లూ అలాగే న్యూయార్క్ బ్యాంకులో ఉంటాయి. అదే ఖాతా అక్కడివాళ్లకు వోస్ట్రో. డాలర్లు ‘వచ్చాయి’ అంటాం గానీ (పత్రికలూ అలాగే రాస్తాయి) అవి అమెరికా గడప దాటవు, పద్దు మారుతుందంతే.

పాత అలవాటు పేరే కదా, అంత లోతెందుకు అనవచ్చు. కానీ 1974 జూన్ 26న జర్మనీ అధికారులు కొలోన్‌లోని హెర్‌స్టాట్ బ్యాంకును మూసేశారు. దానితో మారకం బేరాలు కుదుర్చుకున్న ఎదుటి బ్యాంకులు అప్పటికే జర్మన్ మార్కులు కట్టేశాయి. వాటికి రావలసిన డాలర్లు న్యూయార్క్‌లో ఆగిపోయాయి. ఆ బ్యాంకులను ముంచింది మారకం రేటు కాదు, రెండు పద్దులు రెండు ఊళ్లలో, వేర్వేరు వేళల్లో నడవడం. 2002లో వచ్చిన సీఎల్ఎస్ అనే చెల్లింపు వ్యవస్థ రెండు చెల్లింపులనూ జతకట్టి జరిపిస్తోంది కదా అంటే, నిజమే, ముప్పు బాగా తగ్గింది. కానీ అందులోని 18 కరెన్సీల్లో రూపాయి లేదు. ఉన్న కరెన్సీలకైనా వేళకు డబ్బు జమచేయాల్సిందే. నోస్ట్రోలో ఎక్కువుంచితే వడ్డీ నష్టం, తక్కువైతే ఓవర్‌డ్రాఫ్టు. 2022 జులైలో రిజర్వు బ్యాంకు రూపాయల్లో విదేశీ వ్యాపారానికి దారి తెరిచినప్పుడు ఎంచుకున్నదీ ఈ జంటలోని మాటే: స్పెషల్ రూపీ వోస్ట్రో ఖాతా.