కుంగుబాటు తగ్గాక మిగిలేది: పెద్ద వయసులో ఆటిజం గుర్తింపుపై ఒక పరిశీలన

2007లో ఇంగ్లండులో పెద్దల మానసిక ఆరోగ్యంపై ఇంటింటి సర్వే జరిగింది. అందులో ఆటిజం గురించి కూడా ఆరా తీశారు. లెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన టెర్రీ బ్రుగా బృందం 2011లో ప్రచురించిన ఫలితాల ప్రకారం వెయ్యిమంది పెద్దవాళ్లలో 9.8 మందికి ఆటిజం ఉన్నట్టు తేలింది. పిల్లల్లో కనిపించే నిష్పత్తి కూడా అప్పటికి ఇంచుమించు అంతే. పిల్లల్లో చాలామందికి పరీక్షలు జరిగాయి, బడిలో ఎంతో కొంత సాయం దొరికింది. సర్వేలో బయటపడ్డ పెద్దవాళ్లకు మాత్రం తమకు ఆటిజం ఉందన్న సంగతే తెలియదు.

ఇలా తెలియకుండా బతుకుతున్నవాళ్లందరూ వైద్యానికి దూరంగా ఉన్నారనుకోలేం. ఆందోళనకనో డిప్రెషన్‌కనో ఏళ్ల తరబడి మందులు వాడుతున్నవాళ్లు, ఇద్దరు ముగ్గురు సైకియాట్రిస్టులను మార్చినవాళ్లు వాళ్లలో ఉంటారు. మందుతో నిద్ర పడుతుంది, ఏడుపు ఆగుతుంది, మళ్లీ ఆఫీసుకు వెళ్తారు. కొన్నాళ్లకు అదే చోట మళ్లీ కూలబడతారు. ఈ వ్యాసం చెప్పదలచింది ఒక్కటే. ఆందోళన, కుంగుబాటు తగ్గిన తర్వాత కూడా ఆ మనిషిలో ఏం మిగిలి ఉందో వైద్యులు చూడాలి. మిగిలినదాని ఆనవాళ్లు బాల్యం దాకా పోతుంటే ఆటిజం ప్రశ్న అడిగి తీరాలి.

పేరు లేని తరం

1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన పత్రంతో ఆటిజం వైద్యశాస్త్రంలో స్థిరపడింది. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే తన గ్రంథం డీఎస్ఎం మూడో కూర్పులో (డీఎస్ఎం-3) దాన్ని చేర్చినప్పుడు కూడా శైశవ ఆటిజం అనే పేరే పెట్టింది. మాటలు వేళకే వచ్చి, తెలివితేటలు బాగానే ఉండి, మనుషుల మధ్య మాత్రం దారి తెలియక తడబడేవాళ్ల గురించి లండన్‌లో లోర్నా వింగ్ 1981లో రాసేదాకా ఇంగ్లిషు లోకంలో పెద్దగా చర్చ లేదు. వాళ్లకు ఆస్పర్జర్ అన్న పేరుతో డీఎస్ఎంలో చోటు దక్కింది 1994లో. అంటే 1970ల్లో పుట్టి, క్లాసులో ఫస్టు వచ్చి, ఇంటర్వెల్‌లో ఒంటరిగా గోడ పక్కన నిలబడిన పిల్లను ఆ కోణంలో చూడటానికి వైద్యుల దగ్గర అప్పట్లో పేరే లేదు. మెంగ్-చువాన్ లై, సైమన్ బారన్-కోహెన్ 2015లో వీళ్లను తప్పిపోయిన తరం అన్నారు.

2013లో వచ్చిన డీఎస్ఎం-5 ఈ పెద్దవాళ్లకు ఎంతో ముఖ్యమైన ఒక మాట చేర్చింది. లక్షణాలు చిన్నప్పటి నుంచీ ఉండాలి. కానీ చుట్టూ ఉన్న సమాజం అడిగేది ఆ మనిషి శక్తిని మించేదాకా అవి పూర్తిగా బయటపడకపోవచ్చు. నేర్చుకున్న పద్ధతుల చాటున దాగి ఉండనూ వచ్చు. మన ఇళ్లలో ఈ మించిపోవడం ఎప్పుడు జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. అమ్మ అన్నీ అమర్చిపెట్టే ఇంటి నుంచి హాస్టల్ గదికి మారినప్పుడు. కొత్త కోడలిగా పదిమంది ఉన్న ఇంట్లో అడుగుపెట్టినప్పుడు. బిడ్డ పుట్టి నిద్ర, నిశ్శబ్దం రెండూ కరువైనప్పుడు. కోడ్ రాసుకుంటూ హాయిగా ఉన్న ఉద్యోగికి ప్రమోషన్ ఇచ్చి టీమ్‌ను చేతిలో పెట్టినప్పుడు. ఆ సమయంలో డాక్టరు దగ్గరికి వెళితే ఆయనకు కనిపించేది కుంగుబాటే. ఆ నిర్ధారణ తప్పు కాదు. కాకపోతే అది పైపొర.

ఒక పెళ్లి, ముగ్గురు మనుషులు

పైకి ఒకేలా ఉండే ప్రవర్తన వెనక ఎన్ని వేర్వేరు కారణాలుంటాయో చూడటానికి ఒక సందర్భం ఊహిద్దాం. కల్యాణ మండపంలో రాత్రి ముహూర్తం. స్పీకర్లలో సన్నాయి, డోలు. కళ్లలోకి కొట్టే వీడియో లైట్లు. మల్లెపూలు, సెంటు, సాంబారు కలగలిసిన వాసన. పక్క కుర్చీలోంచి వంగి “నన్ను గుర్తుపట్టావా?” అని అడిగే దూరపు చుట్టం. ముగ్గురు మనుషులు భోజనం కూడా చేయకుండా బయటికి వచ్చేశారు.

మొదటివాడు రెండేళ్ల కిందటి దాకా పెళ్లిళ్లలో వడ్డనకు ముందు నడుం బిగించేవాడు. ఇప్పుడు దేనిమీదా మనసు లేదు, నోటికి రుచి లేదు. అతని కష్టానికి ఒక ప్రారంభం ఉంది. అంతకుముందు ఎలా ఉండేవాడో ఇంటిల్లిపాదీ చెప్పగలరు. ఇది కుంగుబాటు.

రెండో ఆమెకు అందరూ తననే చూస్తున్నట్టు, తన చీర గురించి, ఆగిపోయిన సంబంధం గురించి అనుకుంటున్నట్టు భయం. ఆ చుట్టం అడిగిన ప్రశ్నకు ఏం చెప్పాలో ఆమెకు తెలుసు. చెప్తే నవ్వుతారేమోనని గొంతు పెగలదు. తన ఇంట్లో, తనవాళ్ల మధ్య గలగలా మాట్లాడుతుంది. ఇది సాంఘిక భయం.

మూడో అతనికి ఆ సన్నాయి చెవిలో కాదు, ఒళ్లంతా మోగుతోంది. చుట్టం ప్రశ్నకు ఎంతసేపు చూస్తూ జవాబివ్వాలో, ఎక్కడ ఆపాలో, ఆవిడ నిజంగా అడిగిందో మర్యాదకు అడిగిందో అంతుపట్టలేదు. అదే మండపంలో ఓ మూల ఎవరైనా పాత గ్రామఫోన్ రికార్డుల ఊసెత్తి ఉంటే గంటసేపు నిలబడి మాట్లాడేవాడు. మర్నాడంతా కర్టెన్లు వేసుకుని పడుకుంటాడు. ఐదేళ్ల వయసులో కూడా పెళ్లిళ్లలో చెవులు మూసుకుని ఏడ్చేవాడని మేనత్త చెప్తుంది. ఇక్కడ ఆటిజం గురించి ఆలోచించాలి.

అసలు చిక్కు ఏమిటంటే ఈ మూడో అతనికి మొదటి రెండూ కూడా ఉండవచ్చు. నలుగురిలో ఎన్నోసార్లు నవ్వులపాలైన మనిషికి నలుగురంటే భయం పట్టుకోవడంలో వింత లేదు. ఆ భయంతోనే ఏళ్లు గడిపినవాడికి బతుకు మీద ఆశ సన్నగిల్లడంలోనూ వింత లేదు. హోలాక్స్ బృందం 2019లో పాత అధ్యయనాలను కలిపి చూసింది. ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో ఆ సమయానికి ఆందోళన రుగ్మతతో ఉన్నవాళ్లు సుమారు 27 శాతం, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొన్నవాళ్లు 42 శాతం. కుంగుబాటు విషయంలో ఆ అంకెలు 23, 37. కనుక ఆటిజమా, కుంగుబాటా అని ఒకదాన్ని ఎంచుకోమనే ప్రశ్న చాలాసార్లు పొరపాటు ప్రశ్న.

కుంగుబాటు తీవ్రత కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిని ఈ దృష్టితో చూడాలి. గత రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, ఏకాగ్రత ఎలా ఉంది అని అడుగుతుంది. పుట్టినప్పటి నుంచీ నిద్ర సరిగా పట్టని మనిషి, మెత్తగా జారే కూర ఏదీ ముట్టని మనిషి ఆ ప్రశ్నలకు ఏం చెప్పాలి? నీ మామూలుతో పోలిస్తే ఎలా ఉంది అని అడిగితేనే జవాబుకు అర్థం ఉంటుంది. ఇష్టాల సంగతీ అంతే. ఆటిజం ఉన్న మనిషి పార్టీకి వెళ్లడం లేదంటే కంగారు పడనక్కర్లేదు. కానీ పదేళ్లుగా ప్రాణంగా చూసుకున్న రికార్డుల పెట్టెను నెల రోజులుగా తెరవడం లేదంటే అది గట్టి హెచ్చరిక. పైగా ఆటిజం ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి తమ భావాలను తాము పోల్చుకోవడం కష్టమని పరిశోధనలు చెప్తున్నాయి. దాన్ని అలెక్సిథైమియా అంటారు. “మనసెలా ఉంది?” అంటే “తెలియదు” అంటారు. అది దాటవేత కాదు. కడుపులో బిగుతుగా ఉందా, పళ్లు కొరుకుతున్నారా అని శరీరం గురించి అడిగితే సమాధానం వస్తుంది.

ముసుగు మోసే బరువు

ఎదుటివాళ్ల హావభావాలను గమనించి అనుకరించడం, ముందే మాటలు కూర్చుకుని వెళ్లడం, చేతులు ఊపుకోవాలనిపించినా బిగపట్టుకోవడం, కళ్లలోకి చూడలేక కనుబొమల మధ్య చూడటం: ఇలాంటివాటిని మాస్కింగ్ అంటున్నారు. లండన్‌లో లారా హల్, విల్ మాండీల బృందం 2017 నుంచి దీన్ని వివరంగా పరిశీలించి, 2019లో కొలిచే సాధనం కూడా తయారుచేసింది. ఈ ముసుగు ఎంత బాగా అమరితే లోపలి మనిషి అంత ఒంటరి అవుతాడు. సారా కాసిడీ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంగ్లండులో అప్పుడే ఆస్పర్జర్ నిర్ధారణ అయిన 374 మంది పెద్దవాళ్లను అడిగితే, 66 శాతం మంది ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయన్నారు. మాస్కింగ్‌కూ ఈ ఆలోచనలకూ సంబంధం ఉందని అదే పరిశోధకురాలి బృందం 2018లో చూపింది. ఆ 66 శాతం అన్న అంకె ముందు నిలబడి, పెద్ద వయసులో పేరు తెలుసుకుంటే ఏం లాభం అని ఎవరైనా అడిగితే నాకు బాధ కలుగుతుంది.

ముసుగు అన్నిటికన్నా బాగా పనిచేసే చోటు డాక్టరు గదే. నిశ్శబ్దంగా ఉంటుంది, ఎదురుగా ఒక్కరే ఉంటారు, ఎవరు ఎప్పుడు మాట్లాడాలో స్పష్టంగా ఉంటుంది, పదిహేను నిమిషాల్లో ముగుస్తుంది. “చక్కగా మాట్లాడుతున్నారు, కళ్లలోకి చూస్తున్నారు, మీకు ఆటిజమేంటి?” అన్న మాటతో ఎందరి ప్రశ్న అక్కడే ఆగిపోతుందో. ఆడవాళ్లకు ఇది మరీ ఎక్కువ. నెదర్లాండ్స్‌లో జరిగి 2024లో వెలువడిన అధ్యయనంలో, ఆటిజం నిర్ధారణకు ముందు తమకు తప్పుడు మానసిక నిర్ధారణ జరిగిందని భావించినవాళ్లు మగవాళ్లలో 17 శాతం దాకా ఉంటే ఆడవాళ్లలో దాదాపు 32 శాతం. అణకువగా, మాట తక్కువగా ఉండే ఆడపిల్లను మెచ్చుకునే మన సమాజంలో ఆ అణకువ వెనక అయోమయం ఉందేమోనని చూసేదెవరు?

ఎక్కువ కాలం ముసుగు మోసినవాళ్లు చెప్పే మరో స్థితి ఆటిస్టిక్ బర్నౌట్. డోరా రేమేకర్ బృందం 2020లో దీనికి మూడు గుర్తులు చెప్పింది: నెలల తరబడి తీరని అలసట, వచ్చిన పనులు కూడా చేతకాకపోవడం, శబ్దాలు వెలుతురు అసలు భరించలేకపోవడం. డిప్రెషన్‌కు మామూలుగా ఇచ్చే సలహా నలుగురిలో తిరగమనే. బర్నౌట్‌లో ఉన్న మనిషికి ఆ సలహా గుదిబండ అవుతుంది. అతనికి కావలసింది కొన్నాళ్లు మనుషుల తాకిడి తగ్గడం, తనకు నచ్చిన పనితో ఒంటరిగా గడపడం. ఈ ఒక్క తేడా కోసమైనా ఆటిజం ప్రశ్న అడగడం అవసరమని నా అభిప్రాయం.

పరీక్షల పరిమితి

ఇప్పుడు ఫోన్‌లో ఎవరైనా ఏక్యూ పరీక్ష చేసుకుంటున్నారు. ఆటిజం లక్షణాలను కొలవడానికి బారన్-కోహెన్ బృందం 2001లో తయారుచేసిన 50 ప్రశ్నల పట్టిక అది. పార్టీకన్నా లైబ్రరీ ఇష్టమా, మ్యూజియంకన్నా థియేటర్ ఇష్టమా లాంటి ప్రశ్నలు ఉంటాయి. అమలాపురంలోనో సిద్దిపేటలోనో పెరిగిన మనిషికి ఆ ఎంపికే ఎదురై ఉండకపోవచ్చు. అక్కడ శుభకార్యానికి వెళ్లడం ఇష్టాయిష్టాల మీద ఆధారపడదు. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకొకటుంది. లండన్‌లో నిర్ధారణకు వచ్చిన పెద్దవాళ్లపై ఆష్‌వుడ్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఏక్యూ కుదించిన రూపంలో గీత కన్నా తక్కువ మార్కులు వచ్చినవాళ్లలో 64 శాతం మందికి నిజానికి ఆటిజం ఉంది. మరోవైపు తీవ్రమైన ఆందోళన ఉంటే ఆటిజం లేకపోయినా మార్కులు పెరగవచ్చు. కాబట్టి ఆ అంకె చూసి తేల్చేసుకోవడమూ తగదు, కొట్టిపారేయడమూ తగదు.

దారి చూపేది బాల్యమే. అమ్మానాన్నలు లేకపోతే మేనత్తనో అక్కనో అడగాలి. “మొండిఘటం”, “ఒకే చొక్కా ఉతికించి ఉతికించి వేసుకునేవాడు”, “ఆటల్లో కలిసేవాడు కాదు గానీ రూల్ తప్పితే ఊరుకునేవాడు కాదు” లాంటి మాటలు బయటికి వస్తాయి. బడి ప్రోగ్రెస్ రిపోర్టులో టీచరు రాసిన ఒక్క వాక్యం కూడా పనికొస్తుంది. ఆ చరిత్రలో ఏమీ దొరక్కపోతే, కష్టం ఫలానా సంఘటన తర్వాతే మొదలైతే, ఆటిజం కాదని ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉండాలి.

గుర్తించాక వైద్యం

ఆటిజానికి మందు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఆందోళనకు, కుంగుబాటుకు మందులున్నాయి. వాడుతున్నవాటిని ఎవరికి వారు ఆపకూడదు. మారాల్సింది పద్ధతి. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2012 మార్గదర్శకాలు, ఆటిజం ఉన్న పెద్దవాళ్లకు సీబీటీ (ఆలోచనల, ప్రవర్తనల మీద పనిచేసే మాటల చికిత్స) చేసేటప్పుడు విషయాలు రాసి, బొమ్మ గీసి చూపమంటాయి. ఉపమానాలు తగ్గించమని, మధ్యలో విరామం ఇవ్వమని, ఆ మనిషి ఇష్టాలను చికిత్సలో కలుపుకోమని చెప్తాయి. ఆటిజంలో ఆందోళనకు అనిశ్చితి పెద్ద మూలమని గత పదేళ్ల పరిశోధన చూపుతోంది. “సాయంత్రం వస్తాం” అన్న చుట్టాలు ఏ గంటకొస్తారో తెలియకపోవడం రోజంతా పాడుచేయగలదు. ఆ భయం అర్థంలేనిదని వాదించడం కన్నా, ఆరు గంటలకు వస్తారా ఏడింటికా అని ఫోన్ చేసి కనుక్కోమనడం మేలైన చికిత్స. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే నిర్ధారణ కోసం ఆగకూడదు. టెలి-మానస్ 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు.

మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. ధ్రువీకరణకు వాడే ఐఎస్ఏఏ కొలమానం సికింద్రాబాద్‌లోని ఒక జాతీయ సంస్థలోనే తయారై 2009లో వచ్చింది. అందులోని 40 అంశాలు ఎక్కువగా పైకి కనిపించే ప్రవర్తనను చూసి మార్కులు వేసేవి. 70 లోపు వస్తే ఆటిజం లేనట్టే. మాస్కింగ్‌తో నెట్టుకొస్తున్న నలభై ఏళ్ల టీచరో బ్యాంకు ఉద్యోగో ఆ 70 చేరడం కష్టం, సర్టిఫికెట్ దక్కడమూ కష్టం. సర్టిఫికెట్ రాకపోయినంత మాత్రాన కేసు షీటులో ఆటిజం మాట రాయకుండా వదిలేయడం సరికాదు. రేపు మళ్లీ కుంగిపోయి మరో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మందు మోతాదు, కౌన్సెలింగ్ తీరు, ఎన్నాళ్ల విశ్రాంతి అనేవి ఆ ఒక్క వాక్యం మీదే ఆధారపడతాయి. తెలుగులో పెద్దవాళ్ల కోసం, మన కుటుంబ జీవితానికి తగిన ప్రశ్నలతో బాల్య చరిత్ర సేకరించే పట్టిక ఒకటి తయారవ్వాలి. ఎర్రగడ్డ, విశాఖ మానసిక ఆసుపత్రుల ఓపీల నుంచే ఆ పని మొదలుపెట్టవచ్చు.