ఉప్పర: ఉప్పు నుంచి మట్టికి

సింగరాయకొండ వైపు వంశచరిత్ర వెదికేవారికి జనాభా లెక్కలు అక్కరకు రావు. మనదేశంలో ఇంటింటి వివరాలు బయటపెట్టరు. దారి చూపేవి పాత దస్తావేజులే. వాటిలో పేరు, తండ్రి పేరు, కులం, జీవనం రాసేవారు. అక్షరాలు కలిపి రాసిన ఆ గొలుసుకట్టు రాతలో కులం దగ్గర ‘ఉప్పర’ అని కనిపిస్తే, ముత్తాత ఉప్పు పండించాడని తేల్చేయకండి. మాట పుట్టింది మాత్రం ఉప్పులోంచే. చవిటిమట్టిని కడిగి ఉప్పు తీయడం ఉప్పరవారి పాత వృత్తి. 1805లో ఈస్టిండియా కుంపిణీ మద్రాసు ఇలాకాలో ఉప్పుపై గుత్తాధిపత్యం చేపట్టింది. వృత్తి మారినా పేరు నిలిచింది. ఉప్పరపని అంటే మట్టిపని అయింది. మన చెరువుల్లో ఎన్నింటినో తవ్విందీ, కట్టలు పోసిందీ ఆ చేతులే. ఇక దస్తావేజుల విషయానికొస్తే, 1970కి ముందు సింగరాయకొండ నెల్లూరు జిల్లాలోది, కాబట్టి ఆ కాగితాల కోసం అక్కడా అడగండి.