మోదుగపూవు - చిత్రకారుని పేరు

ఫాల్గుణమాసమున ఆదిలాబాదు అడవులలో ఆకురాలిన మోదుగకొమ్మలు ఎఱ్ఱని పూలతో నిండిపోవును. ఆ పూవు రూపము 1795లోనే లండను నగరమున అచ్చుపడినది. అది విలియం రాక్స్‌బర్గ్ రచించిన ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అను గ్రంథమునందలి చిత్రము.

రాక్స్‌బర్గ్ స్కాట్లండు దేశీయుడు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. 1793లో కలకత్తాకు పోవువఱకు సామర్లకోటలో నివసించి, మొక్కలు పెంచి, ఈ దేశపు చిత్రకారులచేత వాని రూపములను వ్రాయించెను. వానిలో 300 చిత్రములు మూడు సంపుటములుగా వెలువడినవి. ఎండిన కొమ్మకు రంగు నిలువదు. కావున చిత్రకారుడు పచ్చికొమ్మను ఎదుట నుంచుకొని, రేకులను, కేసరములను, కాయను, గింజను విడివిడిగా చూపవలసియుండెను. ఆ చెట్టును ఎన్నడును చూడని పండితుడు సయితము చిత్రమును బట్టి దానిని గుర్తింపగలుగుటయే దీని ప్రయోజనము.

రాక్స్‌బర్గ్ లాటిను పేళ్ల సరసనే తెలుగు పేళ్లను కూడ వ్రాసికొనెను. జ్వరమునకు మందని ఆయన చాటిన సోమిడ చెట్టు 1830లో ‘సొయ్‌మిడా’ అను ప్రజాతినామమును పొందినది. మన పల్లెమాట ప్రపంచశాస్త్రమున చేరినదన్నమాట. పురుగులను కూడ ఆయన విడువలేదు. లక్కపురుగును గూర్చి ఆయన వ్రాసిన వ్యాసము 1791లో లండను రాయల్ సొసైటీ పత్రికలో వెలువడినది. మోదుగ ఆ పురుగునకు ప్రియమైన ఆశ్రయము.

చెట్టు పేరు నిలిచినది. పురుగు చరిత్ర నిలిచినది. కాని సామర్లకోటలో కుంచె పట్టినవాని పేరు ఆ చిత్రముల క్రింద లేదు.

ఈ లోపమును కొంత తీర్చినవాడు మద్రాసు రాజధానిలో పనిచేసిన వైద్యుడు రాబర్ట్ వైట్. 1838 మొదలు 1853 వఱకు ఆయన ప్రకటించిన చిత్రసంపుటములలో 2,101 ఫలకములున్నవి. పెక్కింటి అడుగున రంగయ్య, గోవిందు అను చిత్రకారుల పేళ్లు కానవచ్చును. వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి ‘గోవిందూయియా’ అని పేరిడెను. తరువాతి శాస్త్రజ్ఞులు దానిని వేఱొక ప్రజాతిలో కలిపివేసినను, ఆ గౌరవము చరిత్రలో చెరగలేదు. 2007లో ఎడింబరో ఉద్యానమునకు చెందిన హెన్రీ నోల్టీ ఈ ఇరువురి చిత్రములపై గ్రంథమే ప్రకటించెను.

ఈ చిత్రములు మన జిల్లాలలో వ్రాసినవి కావు. అప్పుడిది నిజాము రాజ్యము. ఆ వైద్యులు కొలువు చేసినది కంపెనీ సీమలో. అయినను అందలి చెట్లు అనేకము మన అడవులలో నున్నవే. నిర్మల్ బొమ్మలు చెక్కు పొణికి చెట్టు కూడ వైట్ సంపుటములకెక్కినది. ఆ బొమ్మలు నేడు దూరదేశముల ఇండ్లలో అలంకారములై యున్నవి. చెక్కిన చేతులు ఎవరివో ఆ ఇండ్లవారికి తెలియదు. బొమ్మను కొనునాడు చేసినవాని పేరడిగి, దాని అడుగున వ్రాయించుకొనుట కష్టమైన పని కాదు. సామర్లకోటలో ఎవరును చేయని పని అదియే.