చార్మినార్: నగర నడిబొడ్డున ఒక సాక్ష్యం

చార్మినార్‌ను చూడనివారు ఉండవచ్చును గాని, ఎరుగనివారు తెలుగునాట అరుదు. అయితే అది ఎందుకు నిర్మింపబడినదని అడిగినచో, మహమ్మారి తొలగినందుకు కృతజ్ఞతగా అని కొందరు, భాగమతి ప్రేమకు గుర్తుగా అని కొందరు చెబుతారు. ఈ కథలకన్న ఆ కట్టడం నిలిచిన చోటు, అది వెలసిన సంవత్సరం మనకు ఎక్కువ విషయాలు తెలుపుతాయి.

కుతుబ్‌షాహీల రాజధాని గోల్కొండ జనంతో కిక్కిరిసిపోయింది. ఇబ్రాహీం కుతుబ్‌షా కాలంలో, 1578లో మూసీపై వంతెన వెలసింది. అదే నేటి పురానాపూల్. ఆయన కుమారుడు ముహమ్మద్ కులీ కుతుబ్‌షా (1580-1612) నదికి దక్షిణాన కొత్త నగరం స్థాపించాడు. నగర రచనలో పేష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ ప్రధాన పాత్ర వహించాడు. నాలుగు బాటలు కలిసే కూడలిలో 1591లో చార్మినార్ వెలసింది. గోల్కొండ నుండి మచిలీపట్నం రేవుకు పోయే వర్తక మార్గం ఈ కూడలి మీదుగానే సాగేది. నేడు సూర్యాపేట, కోదాడల మీదుగా మచిలీపట్నం చేరే 65వ నంబరు జాతీయ రహదారి కూడ ఆ రేవునే హైదరాబాదుతో కలుపుతున్నది.

ఇక సంవత్సరం. అది హిజ్రీ 1000. దీనిని "యా హాఫిజ్" అను మాటలో ఇమిడ్చారు. అబ్జద్ లెక్క ప్రకారం ఆ అక్షరాల విలువలు వరుసగా 10, 1, 8, 1, 80, 900, మొత్తం 1000. "ఓ రక్షకుడా" అని దాని అర్థం. హిజ్రీ శకపు వేయవ సంవత్సరంలో ఒక కొత్త నగరాన్ని అల్లాహ్ రక్షణకు అప్పగించిన దుఆ అది.

పాదుషాలు తమ పేరు నిలుపుకొనుటకు సమాధులు, విజయస్తంభాలు కట్టించుట పరిపాటి. ఇక్కడ నగరం నడిబొడ్డున ఉన్నది సమాధి కాదు, సింహాసనం కాదు. క్రింద జనులందరూ నడిచే దారి, పై అంతస్తున పడమటి వైపు మస్జిద్. బజారు, నమాజు ఒకే కప్పు క్రింద ఇమిడినవి. చార్మినార్ గొప్పదనం దాని ఎత్తులో కన్న ఈ కూర్పులోనే ఉన్నది.

1687లో కుతుబ్‌షాహీ రాజ్యం అంతరించింది. 1889లో ఈ కట్టడానికి నాలుగు దిక్కులా గడియారాలు అమరినవి. రాజ్యాలు మారినా కూడలి మారలేదు. అయితే రాయి, సున్నం కూడ అలసిపోతాయి. 2019 మే నెలలో ఒక మినార్ నుండి గచ్చు పెళ్ళ ఊడిపడింది. వాహనాల పొగ, అదురు తగ్గించి ఈ కట్టడాన్ని కాపాడుట ప్రభుత్వ శాఖల పని మాత్రమే కాదు. దాని నీడన వ్యాపారం చేసేవారికి, చూడవచ్చే మనకూ అందులో వంతు ఉన్నది. "యా హాఫిజ్" అని పలికే నోటికి, చేతనైనంత రక్షణ తన చేతులతో చేయుట కూడ తగును.