కొట్టివేత, తొలగింపు: మరుగుపరచిన పాఠాల చరిత్ర

రాతప్రతిలో ఒక మాటను కొట్టివేయడం వేరు, లేకుండా చేయడం వేరు. పాఠపరిష్కర్తలకు ఇది నిత్యానుభవం. తాళపత్రంపై గంటం గీసిన అక్షరం ఒక గాటు. అందులోని మసి తుడిచినా గాటు మిగులుతుంది. రహస్యపత్రాలను మరుగుపరచినవారు మాత్రం ఈ భేదాన్ని తరచు విస్మరించారు.

ఫ్రాన్స్ రాణి మారీ ఆంట్వానెట్, స్వీడన్ ప్రభువు ఫెర్సెన్ 1791 జూన్, 1792 ఆగస్టుల నడుమ రహస్యంగా ఉత్తరాలు రాసుకున్నారు. రాజకుటుంబం అప్పటికి పారిస్‌లో కాపలా మధ్య ఉంది. ఆ లేఖల్లో కొన్ని పంక్తులపై ఎవరో సిరాతో దట్టంగా గీతలు, చుట్లు గీశారు. పత్తొమ్మిదో శతాబ్దంలో లేఖలను ప్రచురించిన ఫెర్సెన్ వంశీకుడే ఆ పని చేశాడన్న అనుమానం ఉండేది. 2021లో వెలువడిన అధ్యయనంలో ఫ్రెంచి పరిశోధకులు 15 లేఖలను ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ పద్ధతిలో పరీక్షించారు. ఆనాటి సిరాలో ఇనుముతో పాటు రాగి, జింకు ఉండేవి. వాటి పాళ్లు సిరాకూ సిరాకూ మారేవి. ఆ తేడాను పట్టుకొని ఎనిమిది లేఖల్లో అడుగుపాఠాన్ని చదవగలిగారు. బయటపడినవి ప్రధానంగా అనురాగాన్ని తెలిపే మాటలు. తక్కిన ఏడింటిలో పై సిరా, కింది సిరా కూర్పులో భేదం లేనందున పాఠం దక్కలేదు. రహస్యాన్ని కాపాడింది గీతల దట్టం కాదు, సిరాల సామ్యం!

గీతలు గీసినవాడు ఫెర్సెనే అని కూడా ఆ పరిశోధన తేల్చింది. ఇక్కడ ఆగి ఆలోచించాలి. దాచడమే లక్ష్యమైతే లేఖలను కాల్చివేయవచ్చు, అతడు కాల్చలేదు. ఉత్తరం నిలవాలి, అందులోని కొన్ని మాటలు మాత్రం పరుల కంట పడకూడదు. కొట్టివేతను కేవలం విధ్వంసంగా చదివే అలవాటుకు ఈ ఉదాహరణ లొంగదు.

కంప్యూటరు పత్రంలోనూ కప్పడమే జరిగితే పాఠం మరింత సులువుగా బయటపడుతుంది. 2005 మార్చిలో బాగ్దాద్‌లో అమెరికా సైనికుల కాల్పులకు ఇటలీ గూఢచారి అధికారి నికోలా కాలిపారి మరణించాడు. ఆ ఘటనపై అమెరికా సైన్యం విడుదల చేసిన పీడీఎఫ్ నివేదికలో నల్లపట్టీల కింద అక్షరాలు యథాతథంగా ఉండిపోయాయి. పాఠకులు వాటిని కాపీ చేసి మరొక ఫైలులో అతికించి చదివారు. ఎక్స్‌రే అవసరం రాలేదు. అదే ఏడాది డిసెంబరులో అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఒక సూచనపత్రం వెలువరించింది: కప్పవద్దు, వర్డ్ ప్రతిలోనే మాటను తొలగించి ఆ తరువాత పీడీఎఫ్ చేయాలి. అలా చేసినప్పుడు విడుదలైన ప్రతిలో అడుగుపాఠమంటూ ఏదీ ఉండదు. భావి చరిత్రకారుడు దానిని ఎంత పరీక్షించినా ప్రయోజనం లేదు. తొలగింపుకు ముందున్న మూలప్రతి ఎవరి అధీనంలో ఉందో వెతుక్కోవలసిందే.