గడప తెలిసిన నర్సు

మహమ్మారుల చరిత్రను మనం సాధారణంగా ఆసుపత్రుల చరిత్రగానే చదువుకుంటాం. ఎన్ని పడకలు, ఎంత ప్రాణవాయువు, ఎన్ని మరణాలు... లెక్కలన్నీ అక్కడివే. ఆసుపత్రి దాకా వెళ్లలేని వృద్ధుల మంచం దగ్గరకు ఎవరు వెళ్లారన్నది మరో చరిత్ర. అది పుస్తకాలకెక్కడం అరుదు.

ఆధునిక కాలంలో దానికొక ముఖ్యమైన ఆరంభం 1859 నాటి లివర్‌పూల్ నగరం. విలియం రాత్‌బోన్ అనే వర్తకుడు, తన భార్య చివరి రోజుల్లో సేవ చేసిన మేరీ రాబిన్సన్ అనే నర్సును, పేదరోగులకు వారి ఇళ్లలోనే సేవ చేయమని మూడు నెలలకు నియమించాడు. ఆ ఇళ్లలోని దైన్యాన్ని చూడలేక, నెల గడిచేసరికి ఆమె మానుకుంటానన్నది. రాత్‌బోన్ నచ్చజెప్పాడు. గడువు తీరేసరికి ఆ పనిలోనే కొనసాగుతానన్నది కూడా ఆమే! డిస్ట్రిక్ట్ నర్సింగ్ అనే వ్యవస్థకు అది నాంది.

మన దేశంలో అటువంటి ప్రయత్నాన్ని చూడాలంటే కేరళకు వెళ్లాలి. 1993లో కోజికోడ్ వైద్య కళాశాలలో డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ తదితరులు నొప్పి నివారణకూ ఉపశమన చికిత్సకూ ఒక సంస్థను నెలకొల్పారు. మంచం పట్టినవారు క్లినిక్కుకు రాలేరని త్వరలోనే తెలిసివచ్చింది. 2000 ప్రాంతం నుండి మలప్పురం తదితర జిల్లాలలో ఇరుగుపొరుగువారే సేవకు పూనుకున్నారు. 16 గంటల పాఠాలు, నాలుగు రోజుల ప్రత్యక్ష శిక్షణ, ఆపైన వారానికి కనీసం రెండు గంటల సేవ. 2008లో కేరళ ప్రభుత్వం దీనిని ఒక విధానంగా ప్రకటించింది. క్రమంగా పంచాయతీల తరఫున శిక్షణ పొందిన నర్సులు ఇంటింటికీ వెళ్లసాగారు. క్యాన్సర్ రోగులతో మొదలైన సేవ పక్షవాతం వచ్చినవారికీ, వయోభారంతో మంచాన పడ్డవారికీ అందింది.

2020 జనవరి 30న దేశంలో తొలి కోవిడ్ కేసు కేరళలోనే నమోదైంది. మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్. వృద్ధులను గడప దాటవద్దన్నారు. కేరళలో దీనిని 'రివర్స్ క్వారంటైన్' అన్నారు. అంటే, రోగం సోకితే తట్టుకోలేనివారిని ముందుగానే విడిగా ఉంచి కాపాడడం.

కాని మూత్రపు గొట్టానికి లాక్‌డౌన్ తెలియదు కదా! గడువు దాటితే మార్చవలసిందే. పక్షవాతంతో పడుకున్నవారిని అటూ ఇటూ తిప్పకపోతే వీపు పుండుపడుతుంది. రక్తపోటు మాత్రలు అయిపోతే దుకాణానికి వెళ్లేదెవరు? ఇటువంటి అవసరాలకు కేరళలో కొత్తగా ఒక వ్యవస్థను నిర్మించవలసిన పని లేకపోయింది. ఫోనులో విచారించగలిగిన చోట ఫోనులో, చేయి పడితే తప్ప తీరని చోట మాస్కు, తొడుగులు వేసుకుని నర్సులు వెళ్లారు. స్వచ్ఛంద సేవకులు మందులు, ఆహారం అందించారు. ఏ ఇంట్లో ఎవరు మంచాన ఉన్నారో వారికి ముందే తెలుసు. వచ్చినవారి ముఖం మాస్కు చాటున ఉన్నా, గొంతు ఆ వృద్ధులకు తెలుసు.

అంతా సవ్యంగా జరిగిందని కాదు. నెలల తరబడి మనవల స్పర్శకు దూరమైన వృద్ధుల ఒంటరితనాన్ని ఏ నర్సూ తీర్చలేదు. అయితే ఆపత్కాలంలో పనికివచ్చిన ఆ పరిచయం ఆపద వచ్చాక ఏర్పడినది కాదు. దాని వెనుక పాతికేళ్లకు పైబడిన రాకపోకలున్నాయి. ఈ చరిత్రలో నాకు కనిపించే సారాంశం ఇదే.

చిత్రమేమంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020ని నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ముందే ప్రకటించి ఉంది. అది ఫ్లోరెన్స్ నైటింగేల్ ద్విశతజయంతి వత్సరం.

2011 జనగణన ప్రకారం అరవై దాటినవారు కేరళలో 12.6 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 9.8 శాతం. పిల్లలు నగరాలకో విదేశాలకో వెళ్లిపోగా, ఇద్దరే మిగిలిన ఇళ్లు మన ఊళ్లలోనూ తక్కువేమీ కాదు. మన వీధిలో మంచాన పడ్డవారు ఎందరున్నారో, వారికి కట్టు మార్చేది ఎవరో మనలో ఎందరం చెప్పగలం?